చీలమండ కీలుమార్పిడి: అమరికను నిలబెట్టి కొలవాలి

మోకాలి కీలుమార్పిడి గురించి వినని తెలుగు కుటుంబం నేడు అరుదు. మీ వీధిలోనో, మీ బంధువులలోనో ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఒకరిద్దరైనా ఉంటారు. తుంటి కీలుమార్పిడి కూడా కొత్త మాట కాదు. చీలమండకు సైతం కృత్రిమకీలు అమర్చవచ్చునని చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపడతారు. ఆ శస్త్రచికిత్స ఉన్నది. మనదేశంలో తక్కువగాను, అమెరికా, ఐరోపా దేశాలలో అంతకంటె ఎక్కువగాను జరుగుతున్నది. అమర్చిన కీలు సరిగా కూర్చున్నదా, లేదా అని కొలిచే పద్ధతి ఈ పదిహేనేళ్ళలో బాగా మారింది. ఆ కొలత ఎందుకు అవసరమో, అది రోగి జీవితంలో ఎంత తేడా తేగలదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

నేను ఎముకల నిపుణుడను కాను. ముప్పై యేళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ శస్త్రవైద్యునిగా పనిచేసి విరమించినవాడను. మా కుటుంబంలోనే ఈ సమస్య ఎదురైనందున దీనిని కొంత శ్రద్ధగా చదువుకొన్నాను. తెలిసినవారిని అడిగి తెలుసుకొన్నాను. ఆ తెలుసుకొన్నది మీతో పంచుకోవడమే నా ఉద్దేశం.

చీలమండ నిర్మాణం

మోకాలి దిగువ భాగంలో రెండు ఎముకలు ఉంటాయి. లోపలి వైపున ఉన్న పెద్ద ఎముక అంతర్జంఘిక, వెలుపలి వైపున ఉన్న సన్నని ఎముక బహిర్జంఘిక. చీలమండకు ఇరువైపులా చేతికి తగిలే గుబ్బలు ఈ రెండు ఎముకల చివరలే. ఆ రెండు గుబ్బల నడుమ, పైకప్పు వంటి అంతర్జంఘిక అడుగుభాగం కింద, టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. ఈ మూడింటి కలయికే చీలమండ కీలు. టాలస్ కింద మడమ ఎముక ఉంటుంది. ఈ రెండింటి మధ్య మరొక కీలు ఉన్నది. పాదాన్ని పైకి, కిందికి ఆడించేది ప్రధానంగా మొదటి కీలు. మడమను లోపలికి, వెలుపలికి వాల్చేది రెండవది. ఎగుడుదిగుడు నేలపై మనం పడిపోకుండా నడవగలగడానికి ఆ రెండవ కీలు ముఖ్యకారణం.

తలుపుకు మడతబందు ఎటువంటిదో కాలికి చీలమండ అటువంటిదని పూర్వం చెప్పేవారు. ఆ పోలిక పూర్తిగా సరికాదు. చీలమండ మడుచుకొనేటప్పుడు కొద్దిగా మెలిక కూడా తిరుగుతుంది. అయినా ఆ పోలికను జ్ఞాపకం ఉంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

నడిచేటప్పుడు ఈ చిన్న కీలుపై పడే బలం శరీర బరువుకు సుమారు ఐదు రెట్లు. 70 కిలోల మనిషి ప్రతి అడుగులోను 350 కిలోల ఒత్తిడిని దానిపై మోపుతాడన్నమాట. రోజుకు ఐదువేల అడుగులు వేసే మనిషి ఒక్కొక్క చీలమండపై రెండువేల ఐదువందల సార్లు, సంవత్సరానికి తొమ్మిది లక్షల సార్లకు పైగా ఆ బరువును మోపుతాడు. ఇంత భారం మోసే కీలులో మృదులాస్థి పొర ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. అయినా చాలామందికి అది జీవితాంతం అరగదు. ఎముకలు ఒకదానిలో ఒకటి అంత చక్కగా ఇమిడి ఉండడమే అందుకు కారణం. ఆ ఇమిడిక తప్పితే ఏమవుతుందో 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు వైద్యులు మృతదేహాల కాళ్ళపై పరీక్షించి చూపారు. టాలస్ ఒక్క మిల్లీమీటరు వెలుపలికి జరిగితే కీలులో ఎముకలు ఒకదానినొకటి తాకే వైశాల్యం సగటున 42 శాతం తగ్గిపోయింది. బరువు అదే, దానిని మోసే స్థలం మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది. చీలమండ విషయంలో మిల్లీమీటర్లను ఎందుకు లెక్కించాలో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

ఎందుకు అరుగుతుంది?

మోకాళ్ళు, తుంటికీళ్ళు ఎక్కువమందిలో వయస్సుతో అరుగుతాయి. చీలమండ అలా కాదు. చీలమండ కీలు అరిగినవారిలో అధికశాతం మందికి పూర్వం ఎప్పుడో ఎముక విరిగి ఉంటుంది, లేదా కాలు పదే పదే మెలికపడి సంధిబంధనాలు తెగి ఉంటాయి. స్కూటరు జారడం, తాటిచెట్టుపై నుండి పడడం, మెట్లపై కాలు మడతపడడం వంటివి మన ప్రాంతంలో సాధారణ కారణాలు. విరిగిన ఎముక అతుకుకొంటుంది, మనిషి నడుస్తాడు, సంగతి మరచిపోతాడు. ఇరవై ముప్పై యేళ్ళ తర్వాత కీలు అరిగి నొప్పి మొదలవుతుంది. కీళ్ళవాతం, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా వంటి వ్యాధులు మిగిలిన కారణాలలో కొన్ని.

రెండు దారులు

మందులు, చెప్పులలో మార్పులు, చీలమండ పట్టీలు, వ్యాయామం, కీలులోకి సూదిమందులు – ఇవన్నీ అయిన తర్వాత కూడా నొప్పి భరించలేనిదిగా ఉంటే శస్త్రవైద్యులు ప్రధానంగా రెండు మార్గాలు చెబుతారు.

మొదటిది కీలును అతికివేయడం. అరిగిన ఉపరితలాలను తీసివేసి, అంతర్జంఘికను, టాలస్‌ను మరలతో బిగించి ఒకే ఎముకగా అతుకుకొనేట్టు చేస్తారు. కదలిక పోతుంది, దానితో నొప్పి కూడా పోతుంది. ఇది చాలాకాలంగా నమ్మకమైన చికిత్స. దీనిలోని లోపం ఏమిటంటే, పోయిన కదలిక భారం పక్కనున్న కీళ్ళపై పడి, సంవత్సరాలు గడిచేకొద్దీ అవి అరిగే అవకాశం ఉంటుంది.

రెండవది కృత్రిమకీలు అమర్చడం. అంతర్జంఘిక అడుగున ఒక లోహపు పలక, టాలస్ పైన ఒక లోహపు తొడుగు, రెండింటి నడుమ పాలీఎథిలీన్ దిమ్మ ఉంటాయి. 1970లో ఫ్రాన్సులో లార్డ్, మారోట్ అనే వైద్యులు తొలిసారి ఇట్టి కీలును అమర్చారు. తుంటికీలుకు వాడే కాడ వంటి దానిని తలక్రిందులుగా అంతర్జంఘికలోనికి దింపారు. ఫలితాలు బాగుండక ఆ నమూనాను విడిచిపెట్టారు. తర్వాత డెన్మార్క్ వైద్యుడు హాకన్ కోఫోడ్ రూపొందించిన స్టార్ కీలు వంటివి వచ్చాయి. దానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో అనుమతి ఇచ్చింది. నేటి కీళ్ళలో ఎక్కువభాగం పదేళ్ళపాటు నిలుస్తున్నాయి.

ఈ రెండింటిలో ఏది మేలు? బ్రిటన్‌లో 50 నుండి 85 సంవత్సరాల వయస్సు గల 303 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి జరిపిన టార్వా అనే పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత నిలబడడంలో, నడవడంలో రెండు వర్గాలవారూ బాగా మెరుగుపడ్డారు. వారి నడుమ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కీలుమార్పిడి వర్గంలో గాయం మానడంలో ఇబ్బందులు, అతికింపు వర్గంలో సిరలలో రక్తపు గడ్డలు కొంత ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఎంపిక రోగి వయస్సు, వృత్తి, ఎముకల స్థితి, కోరికలను బట్టి జరగాలి. మధుమేహంతో పాదాలలో స్పర్శ పోయినవారికి, కాలికి రక్తప్రసరణ సరిలేనివారికి, చీము పట్టిన చరిత్ర ఉన్నవారికి కృత్రిమకీలు సాధారణంగా తగదు.

అమరిక అంటే ఏమిటి?

కారు చక్రాల అమరిక తప్పితే టైరు ఒకపక్కనే అరుగుతుందని మీకు తెలుసు. కృత్రిమకీలులోని పాలీఎథిలీన్ దిమ్మది కూడా అదే కథ. పై పలక ఒకవైపు వాలి కూర్చుంటే బరువంతా దిమ్మ అంచుపై పడుతుంది. అంచు అరిగి, సూక్ష్మరేణువులు రాలుతాయి. ఆ రేణువులపై శరీరం స్పందించి చుట్టుపట్ల ఎముకను తినివేస్తుంది. ఎముకలో గుల్లలు ఏర్పడి, కీలు వదులవుతుంది. ఈ క్రమమంతా ఏళ్ళ తరబడి, కొన్నిసార్లు నొప్పి లేకుండానే జరుగుతుంది.

లెక్క వేసి చూడండి. పలక వెడల్పు 30 మిల్లీమీటర్లు అనుకొందాం. అది ఒక డిగ్రీ వాలితే రెండు అంచుల ఎత్తులలో తేడా అర మిల్లీమీటరు. ఐదు డిగ్రీలు వాలితే రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే చాలామంది శస్త్రవైద్యులు ఐదు డిగ్రీలను ఒక హద్దుగా పెట్టుకొంటారు.

అమరికను మూడు దిశలలో చూడాలి. ఎదురుగా నిలబడి చూస్తే పలక ఎడమకో కుడికో వాలిందా అన్నది మొదటిది. పక్కనుండి చూస్తే ముందుకో వెనుకకో వాలిందా అన్నది రెండవది. పైనుండి చూస్తే మెలితిరిగి కూర్చుందా అన్నది మూడవది. వీటికి తోడు, కీలు కింద ఉన్న మడమ సరైన చోట ఉన్నదా అని కూడా చూడాలి. పైన గోడ నిటారుగా ఉన్నా పునాది వాలితే ఇల్లు నిలవదు కదా!

నీడను కొలిస్తే చాలునా?

శస్త్రచికిత్స తర్వాత సాధారణంగా తీసేది ఎక్స్‌రే. 1895లో రాంట్జెన్ కనుగొన్న ఈ కిరణాలకు మానవజాతి ఎంతో ఋణపడి ఉన్నది. అయినా ఎక్స్‌రే చిత్రం ఒక నీడ మాత్రమే. మీలో పెద్దవారు తోలుబొమ్మలాట చూసే ఉంటారు. తెరకు ఎదురుగా ఉన్నంతసేపు బొమ్మ హనుమంతుడని, రావణుడని గుర్తుపడతాము. ఆడించేవాడు దానిని పక్కకు తిప్పితే తెరపై మిగిలేది ఒక సన్నని గీత. బొమ్మ మారలేదు, దాని నీడ మారింది. అదేవిధంగా ఎక్స్‌రే తీసే సమయంలో పాదం కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నా, కిరణపుంజం ఏటవాలుగా పడినా, కొలిచిన కోణం మారుతుంది. మెలికను, అనగా మూడవ దిశలోని అమరికను, సాధారణ ఎక్స్‌రేలో కొలవడం దాదాపు అసాధ్యం. చీలమండ కోసం తీసిన చిత్రంలో మడమ వాలు సరిగా కనబడదు. దానికి వేరే భంగిమలో ఎక్స్‌రే తీయాలి.

సీటీ స్కాన్ ఈ కొరతను చాలావరకు తీర్చింది. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రంతో 1971లో లండన్‌లో తొలి రోగి మెదడును చిత్రించారు. ఆయనకు, అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. సీటీలో శరీరభాగాన్ని పలుచని పొరలుగా చూసి, వాటిని పేర్చి మూడు కొలతల రూపాన్ని నిర్మించవచ్చు. అయితే సాధారణ సీటీ యంత్రంలో రోగి పడుకొని ఉంటాడు. పాదంపై బరువు ఉండదు. బరువు పడనప్పుడు పాదం ఒక తీరు, పడినప్పుడు మరొక తీరు. మడమ వాలడం, పాదపు వంపు అణగడం, టాలస్ ఒకపక్కకు ఒరగడం నిలబడితేనే బయటపడతాయి.

ఈ కారణంగా నిలబడి తీసే సీటీ యంత్రాలు వచ్చాయి. శంకువు ఆకారంలో వెలువడే కిరణపుంజాన్ని ఇవి వాడతాయి. పాదాల చికిత్సలో ఇవి 2012 ప్రాంతం నుండి వ్యాప్తిలోనికి వచ్చాయి. రోగి ఒక వేదికపై రెండు కాళ్ళపై నిలబడతాడు. కిరణాల గొట్టం, గ్రాహకం పాదాల చుట్టూ ఒకసారి తిరిగివస్తాయి. నిమిషం లోపే పని ముగుస్తుంది. కిరణమోతాదు కొన్ని మైక్రోసీవర్టులు మాత్రమే. భూమిపై మనకు ప్రకృతి నుండి సగటున సంవత్సరానికి 2.4 మిల్లీసీవర్టులు, అనగా రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు ఎలాగూ సోకుతూనే ఉంటాయి. ఆ లెక్కన ఈ పరీక్షకు భయపడనవసరం లేదు.

మా బావగారి చీలమండ

ఇక మా కుటుంబ విషయానికి వస్తాను. మా అక్కయ్య భర్త ఉన్నత పాఠశాలలో గణితం బోధించి విరమించారు. 1986లో వర్షంలో స్కూటరు జారి కుడి చీలమండ విరిగింది. మూడు నెలలు సిమెంటు కట్టుతో ఉన్నారు. ఎముక అతికింది గాని మడమ కొద్దిగా లోపలికి వాలిపోయింది. అప్పుడు ఎవరూ దానిని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన కుడికాలి చెప్పు ఎప్పుడూ వెలుపలి అంచునే అరిగేది. అరవై దాటాక కీలు అరిగిపోయి నాలుగడుగులు వేయడం కష్టమైంది. అప్పటికి ఆయన అమెరికాలో కూతురి దగ్గర స్థిరపడ్డారు. అక్కడే కృత్రిమకీలు అమర్చారు.

మొదటి ఆరునెలలు బాగానే గడిచాయి. తర్వాత చీలమండ లోపలి వైపు పోటు, పాదపు వెలుపలి అంచున మంట మొదలయ్యాయి. ఎక్స్‌రే తీశారు. కీలు చక్కగా ఉన్నదన్నారు. మళ్ళీ తీశారు, మళ్ళీ అదే మాట. చీము లేదని రక్తపరీక్షలు చెప్పాయి. మరొకచోట చూపిస్తే, కృత్రిమకీలును తీసివేసి ఎముకలను అతికివేయడం మంచిదేమో ఆలోచించుకోమన్నారు.

ఒక రాత్రి బావగారు ఫోను చేశారు. “ఏమోయ్ డాక్టరూ, పలక కోణం ఎనభైతొమ్మిది డిగ్రీలట. లంబకోణానికి ఒక్క డిగ్రీ తక్కువ. నలభై యేళ్ళు రేఖాగణితం చెప్పినవాణ్ణి, అంతకంటె మంచి లెక్క నేనూ వేయలేను. మరి నా కాలికి ఆ లెక్క ఎందుకు అర్థం కావడం లేదు?” అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆ గొంతులో నవ్వు లేదు.

తర్వాత మా మేనకోడలు ఫోను తీసుకొన్నది. “మావయ్యా, నాన్న రోజూ మనవణ్ణి బడి బస్సు దాకా దింపేవారు. రెండు నెలలుగా గుమ్మం దాటడం లేదు. ఇంకో ఆపరేషన్‌కు ఒప్పించమంటారా, వద్దంటారా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానం చెప్పడం న్యాయం కాదు. కృత్రిమకీలును తీసి అతికించడం మొదటిసారి అతికించడం కంటె కష్టమైన శస్త్రచికిత్స. తీసినచోట ఎముక లోటు పడుతుంది, ఆ ఖాళీని వేరే ఎముకతో నింపాలి, అతుకుకోకపోయే ప్రమాదం ఎక్కువ. అడుగు పడిందంటే వెనుకకు రావడం లేదు.

నాతో చదువుకొన్న ఒక ఎముకల వైద్యుణ్ణి సంప్రదించాను. వివరాలన్నీ విని ఆయన అడిగినది ఒకే ప్రశ్న: “మడమ ఎవరైనా చూశారా?” తలుపు బిగుసుకొంటే వడ్రంగి ముందుగా మడతబందును ఊడబెరకడు. ద్వారబంధం వంగిందేమో చూస్తాడు. ఆయన ఆలోచన అదే. కీలును తీసేముందు, కాలిపై బరువు ఉంచి, మడమతో సహా మొత్తం అమరికను కొలవమని ఆయన సలహా. ఆ మాటే మేనకోడలికి చెప్పాను. వారి ఊరికి రెండు గంటల దూరంలో నిలబడి తీసే సీటీ యంత్రం ఉన్న పాదచికిత్సా కేంద్రం దొరికింది.

ఫలితం ఇది. అంతర్జంఘిక పలక వాలు, ముందు వెనుకల ఒంపు, మెలిక – మూడూ హద్దులలోనే ఉన్నాయి. ఎముకలో గుల్లలు లేవు. పలక వదులైన చిహ్నాలు లేవు. మడమ మాత్రం లోపలికి స్పష్టంగా వాలి ఉన్నది. 1986లో వాలిన మడమే అది. నిటారుగా కూర్చున్న కొత్త కీలు కింద వాలిన పాత పునాది అలాగే మిగిలిపోయింది. అందువలన అడుగడుగునా బరువు దిమ్మ లోపలి అంచుపై పడుతున్నది. పాదపు వెలుపలి అంచు నేలను ఒత్తుతున్నది. రెండు చోట్ల నొప్పికి ఒక్కటే కారణం.

కృత్రిమకీలును కదిలించలేదు. మడమ ఎముకను కోసి, వెలుపలికి కొన్ని మిల్లీమీటర్లు జరిపి, మరలతో బిగించారు. ఆరువారాలు ఆ కాలిపై బరువు మోపనివ్వలేదు. నాలుగైదు నెలలకు బావగారు చేతికర్ర లేకుండా నడిచారు. ఉదయం లేవగానే కొంత బిగువు ఇప్పటికీ ఉంటుందని చెబుతారు. నేలమీద గొంతుక్కూర్చోలేరు. కృత్రిమకీలు అంత ఒంపును ఇవ్వదు. అయినా కీలు నిలిచింది, నడక నిలిచింది.

కొలత ఎలా తీస్తారు?

బావగారు గణితంవారు కనుక ఆ కొలత ఎలా తీశారని వైద్యుణ్ణి అడిగి తెలుసుకొని, నాకు కాగితంపై గీసి పంపారు. మీకు కూడా ఆసక్తి ఉండవచ్చు.

తాపీమేస్త్రీ దారానికి ఇనుపగుండు కట్టి వేలాడదీసి గోడ నిటారును చూస్తాడు. ఇక్కడ కూడా మొదట ఒక ఆధారరేఖ కావాలి. త్రిమితీయ చిత్రంలో అంతర్జంఘిక కాడ మధ్యబిందువులను రెండు మూడు ఎత్తులలో గుర్తించి, వాటిని కలిపి ఎముక అక్షాన్ని గీస్తారు. చిత్రమంతటినీ ఆ అక్షానికి అనుగుణంగా కంప్యూటరుపై తిప్పి నిలుపుతారు. పాదం యంత్రంలో ఎలా తిరిగి ఉన్నప్పటికీ ఇప్పుడు తేడా లేదు. బొమ్మను తెరపై కాక చేతిలో పట్టుకొని చూస్తున్నాము కనుక, మనకు కావలసిన వైపుకు తిప్పుకోవచ్చు. ఆ తర్వాత అక్షానికి, పలకకు మధ్య ఎదుటి నుండి ఒక కోణం, పక్కనుండి ఒక కోణం, అడ్డుకోతలో మెలిక కోణం కొలుస్తారు. టాలస్ తొడుగుకూ ఇదే పద్ధతి.

మడమకు వేరొక కొలత ఉన్నది. ఫ్రాన్సు శస్త్రవైద్యుడు ఫ్రాన్స్వా లింట్జ్, ఆయన సహచరులు దీనిని 2017లో ప్రకటించారు. పాదాన్ని మూడుకాళ్ళ పీటగా ఊహించుకోండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ అడుగు అనే మూడుచోట్ల అది నేలను తాకుతుంది. ఈ మూడు బిందువులను త్రిమితీయ చిత్రంలో గుర్తిస్తారు. టాలస్ శిఖరం మధ్యబిందువును నాలుగవదిగా తీసుకొంటారు. పైనుండి దిగే బరువు ఈ పీట నడుమ పడుతున్నదా, పక్కకు పడుతున్నదా అని గణించి, ఆ ఎడమును పాదం పొడవులో ఎంత శాతమో చెబుతారు. సాధారణ పాదాలలో అది సగటున సుమారు 2 శాతం ఉంటుంది. మడమ లోపలికి వాలితే ఆ సంఖ్య ఋణసంఖ్య అవుతుంది, వెలుపలికి వాలితే పెరుగుతుంది. ఒక కోణాన్ని నీడపై గీయడం కాక, బరువు ఎక్కడ దిగుతున్నదో చెప్పడం ఈ పద్ధతిలోని విశేషం.

కొలతకు కూడా హద్దులు ఉన్నాయి

త్రిమితీయ కొలత అనగానే అది శిలాశాసనమని భావించకండి. దానికీ పరిమితులు ఉన్నాయి.

మొదటిది లోహం. లోహపు భాగాలు కిరణాలను అడ్డగించడం వలన చిత్రంలో చారలు, నీడలు ఏర్పడతాయి. టైటానియం కంటె కోబాల్ట్‌–క్రోమియం మిశ్రమం ఎక్కువ చారలు కలిగిస్తుంది. వాటిని తగ్గించే గణనపద్ధతులు ఉన్నా పూర్తిగా పోవు. లోహానికి ఆనుకొని ఉన్న ఎముక స్థితిని నిర్ణయించేటప్పుడు జాగ్రత్త అవసరం. పాలీఎథిలీన్ దిమ్మ అసలు తెల్లగా కనబడదు, రెండు లోహాల నడుమ ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీ ఒకపక్క సన్నబడితే దిమ్మ అరిగిందని ఊహిస్తాము.

రెండవది ఆధారరేఖ. మెలికను దేనితో పోల్చి కొలవాలన్న విషయంలో ఒకే పద్ధతి లేదు. కొందరు రెండు గుబ్బలను కలిపే రేఖను, కొందరు కీలు లోపలి అంచును, మరికొందరు పాదపు రెండవ వేలి ఎముకను ఆధారంగా తీసుకొంటారు. ఆధారం మారితే అంకె మారుతుంది. కనుక మొదటిసారి ఏ పద్ధతిలో కొలిచారో రెండవసారి కూడా అదే పద్ధతిలో కొలిస్తేనే పోల్చడానికి వీలుంటుంది. వేర్వేరు ఆసుపత్రుల నివేదికలలోని అంకెలను పక్కపక్కన పెట్టి భయపడకూడదు.

మూడవది చిత్రం పరిధి. పాదానికి తీసే సీటీలో కాలి కింది భాగమే కనబడుతుంది. మోకాలు దొడ్డికాలుగానో, అడ్డకాలుగానో వంగి ఉంటే ఆ ప్రభావం చీలమండపై కూడా పడుతుంది. దానిని తెలుసుకోవడానికి తుంటి నుండి పాదం దాకా నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే కావాలి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: నొప్పి అంతా అమరికది కాదు. చీము పట్టడం, గుబ్బ ఎముకలో సన్నని పగులు, నరం నలగడం, కింది కీలు అరగడం, కీలు అంచులలో ఎముక పెరగడం – ఇవి కూడా నొప్పి కలిగిస్తాయి. అంకెలన్నీ హద్దులలో ఉన్నా నొప్పి ఉండవచ్చు. రెండు మూడు డిగ్రీలు తప్పినా హాయిగా నడిచేవారు ఉన్నారు. వైద్యుడు చికిత్స చేయవలసినది చిత్రానికి కాదు, మనిషికి. కొలత ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి ఒక సాధనం.

మీరు ఏమి అడగాలి?

చీలమండ కీలుమార్పిడి చేయించుకోబోతున్నవారికి, చేయించుకొన్నవారికి కొన్ని సూచనలు.

శస్త్రచికిత్సకు ముందే మీ మడమ, మోకాలు, పాదపు వంపు ఎలా ఉన్నాయని వైద్యుణ్ణి అడగండి. వాలిన మడమను కీలుమార్పిడి సమయంలోనే సరిచేయాలా, ముందుగా చేయాలా, అవసరం లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. మీ పాత చెప్పులను తీసుకొని వెళ్ళండి. ఏ అంచు అరిగిందో అవి చెబుతాయి, వాటికి కిరణాలు అక్కర లేదు.

ఎక్స్‌రే తీసేటప్పుడు నిలబడి తీయించుకోవాలా అని అడగండి. చీలమండ, పాదం విషయంలో నిలబడగలిగిన రోగికి పడుకోబెట్టి తీసిన చిత్రం సగం సంగతే చెబుతుంది. నిలబడి తీసే సీటీ యంత్రాలు మనదేశంలో ఇంకా అరుదు. అవి లేనిచోట, నిలబడి తీసిన ఎక్స్‌రేలు, మడమకు ప్రత్యేకంగా తీసే ఎక్స్‌రే, అవసరమైతే మామూలు సీటీ కలిపి చూస్తే చాలావరకు విషయం తెలుస్తుంది. కృత్రిమకీలు మెలికకు, ఎముకలోని గుల్లలకు పడుకొని తీసిన సీటీ కూడా పనికివస్తుంది. సాధారణ ఎక్స్‌రేలో కనబడని గుల్లలు దానిలో కనబడతాయి.

మొదటి చిత్రాలను భద్రపరచుకోండి. శస్త్రచికిత్స తర్వాత తొలి నెలలలో తీసినవి తర్వాత వచ్చే ప్రతి చిత్రానికీ కొలబద్ద అవుతాయి. నొప్పి లేకపోయినా వైద్యుడు చెప్పిన కాలానికి పరీక్షకు వెళ్ళండి. గుల్లలు చప్పుడు చేయకుండా పెరుగుతాయి.

కీలు తీసివేయాలని ఎవరైనా చెబితే, ఏ కారణం చేత, ఏ కొలత ఆధారంగా అని మర్యాదగా అడగండి. మరొక నిపుణుని అభిప్రాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు. మంచి వైద్యులు దానికి నొచ్చుకోరు.

చివరిగా, కీలుమార్పిడి దాకా రాకుండా చూసుకోవడం అన్నిటికంటె మేలు. చీలమండ విరిగినప్పుడు నాటుకట్టుతో సరిపెట్టుకోవద్దు. ఎముక అతుకుకోవడం ఒక్కటే చాలదు, సరైన చోట అతుకుకోవాలి. కట్టు విప్పిన తర్వాత అద్దం ముందు వెనుదిరిగి నిలబడి, ఇంట్లో మరొకరిని మీ రెండు మడమలను వెనుకనుండి చూడమనండి. ఒకటి నిటారుగా, ఒకటి వాలుగా ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. ఆ వయస్సులో దానిని సరిచేయడం తేలిక. పొగతాగే అలవాటు ఉంటే మానండి. అది ఎముకలు అతుకుకోవడానికి, గాయం మానడానికి కూడా అడ్డు. బరువు పెరగకుండా చూసుకోండి. మీరు తగ్గించుకొన్న ఒక్క కిలో, అడుగడుగునా మీ చీలమండకు ఐదు కిలోలు.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ కాలికి ఏది తగునో మీ కాలిని చూసిన వైద్యులే చెప్పగలరు. వారిని సరైన ప్రశ్నలు అడగడానికి ఇది మీకు తోడ్పడితే నా శ్రమ ఫలించినట్టే.